కోట ఫోటోలో వాడ ఎక్కడ? జహీరాబాద్ తొవ్వలో కెమెరా చరిత్ర

ఫోటో అబద్ధం చెప్పదని మనకు చిన్నప్పటి నుంచి చెప్పుకుంటూ వచ్చారు. చెప్పకపోవచ్చు. కానీ ఫోటో తీసే మనిషి ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా? ఎవరు ఎక్కడ నిలబడాలో కులం నిర్ణయించిన దేశం ఇది. గుడి మెట్ల మీద నిలబడి చూసిన ఊరు వేరు, వాడలో నిలబడి చూసిన ఊరు వేరు. కవిత్వాన్ని, కథను, చరిత్ర పుస్తకాన్ని మన వాళ్లు ఈ ప్రశ్న గట్టిగానే అడిగారు. దేశం తిరిగి తీసిన కోటల ఫోటోలను, పట్నాల ఫోటోలను, కొండల ఫోటోలను మాత్రం పెద్దగా అడగలేదు. అవి అందరివీ అయినట్టు పాఠ్యపుస్తకాల్లో, ఆఫీసు గోడల మీద, క్యాలెండర్లలో ఉండిపోయాయి. జహీరాబాద్ ప్రాంతాన్ని ముందు పెట్టుకొని ఆ ప్రశ్న అడగాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

హైదరాబాద్ నుంచి బొంబాయి పోయే రోడ్డు మీద సుమారు వంద కిలోమీటర్ల దూరంలో జహీరాబాద్ ఉంటది. 2016 నుంచి ఇది సంగారెడ్డి జిల్లా, అంతకుముందు మెదక్ జిల్లా. 1956కు ముందైతే నిజాం రాజ్యంలో బీదర్ జిల్లా తాలూకా. బీదర్ అంటే బహమనీ సుల్తానుల రాజధాని. కోట, గుమ్మటాలు, 1472లో కట్టిన మహమూద్ గవాన్ మదరసా ఉన్న ఊరు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది. ఆ శాఖను నడిపిన గులాం యాజ్దానీ 1947లో బీదర్ చరిత్ర మీద, కట్టడాల మీద బొమ్మలతో పెద్ద పుస్తకం తెచ్చారు. బీదర్ అనగానే లోకానికి గుర్తొచ్చే రూపం ఇట్లాంటి పుస్తకాలతోనే ఖాయమైంది: బురుజు, గుమ్మటం, రంగు పలకలు.

కట్టడాల పుస్తకంలో కట్టడాలే ఉంటాయి, వాడలెందుకు ఉంటాయి అని ఎవరైనా అడగొచ్చు. సరే, మరి మన వాళ్లు ఏ పుస్తకంలోకి వచ్చారు? కులాల పుస్తకాల్లోకి. భారతదేశపు జనాల పేరుతో 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం ఎనిమిది సంపుటాల ఫోటోలు అచ్చేసింది. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యపు కులాల మీద అట్లాంటి పుస్తకమే రాశాడు. కోటల పుస్తకంలో నేల ఉంటది, ఆ నేల మీద చాకిరి చేసిన మనిషి ఉండడు. కులాల పుస్తకంలో మనిషి ఒక నమూనాగా నిలబడి ఉంటడు, ఆయన ఊరు ఉండదు. నేలను ఒక అల్మారాలో, కులాన్ని ఇంకో అల్మారాలో పెట్టి తాళం వేశారు. ఈ నేల ఎవరిది, దున్నింది ఎవరు, రాళ్లు మోసింది ఎవరు అనే ప్రశ్న రెండు అల్మారాల నడుమ పడిపోయింది.

హైదరాబాద్ రాజ్యంలో ఫోటో అంటే ముందు చెప్పుకోవాల్సిన పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, ఇండోర్‌లో పని చేసి, 1880ల నడుమ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువుకు వచ్చారు. రాజ్యం తిరిగి కోటలు, మహళ్లు, దర్బార్లు, వేటలు ఫోటోలు తీశారు. ఆయన పనితనం మీద మాకు తగాదా లేదు. ఆ రోజుల్లో ఫోటో అంటే బరువు. గాజు పలకలు, పెద్ద పెట్టె, మూడు కాళ్ల స్టాండు. అంతకుముందు తడి పలకల కాలంలోనైతే మందు నీళ్లు, చీకటి గుడారం కూడా వెంట ఉండాలె. పలక తడి ఆరకముందే ఫోటో తీసి కడగాలె. ఇంత సామాను నెత్తుల మీద, భుజాల మీద, బండ్ల మీద పోవాల్సిందే. నిజాం రాజ్యంలో పెద్దలు ఊరికి వస్తున్నారంటే వాడకు వెట్టి వచ్చినట్టే. సామాను మోసుడు, ముందు ఉరికి తొవ్వ చూపుడు, గుర్రాలకు గడ్డి కోసుడు, అన్నీ మాల మాదిగల మీదనే పడేవి. కోట పేరు, స్టూడియో పేరు ఫోటోకు ఎక్కినయి. మోత మోసినోళ్ల పేర్లకు అక్కడ జాగ లేదు.

1899-1900 కరువులో ఔరంగాబాద్ వైపు జరిగిన కరువు పనులను కూడా ఆయన స్టూడియో ఫోటోలు తీసింది. అప్పుడు పేదలు ఫోటోలోకి వచ్చారు. ఎట్లా? గుంపుగా. సర్కారు పని చూపించిందని చెప్పే సాక్ష్యంగా. నవాబు ఫోటో కింద బిరుదులతో సహా పేరు ఉంటది. కరువు పని ఫోటో కింద పని పేరు ఉంటది.

ఫోటో తీసుడు సంగతి అట్లుంచి, ఊర్లు తిరిగి చూసే హక్కు మాత్రం మనకు ఉండెనా? 1934లో డాక్టర్ అంబేడ్కర్ తన తోటివాళ్లతో కలిసి ఎల్లోరా గుహలు చూడాలని బయల్దేరారు. నడుమ దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. అది కూడా నిజాం రాజ్యమే. దుమ్ము కొట్టుకొని వచ్చినవాళ్లు కోట వాకిట్లో ఉన్న నీళ్ల తొట్టి దగ్గర ముఖాలు కడుక్కున్నారు. అంటరానివాళ్లు నీళ్లు మైల చేశారని అక్కడి ముస్లింలు లొల్లి పెట్టారు. చివరికి, లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోవద్దనే షరతు మీద, వెంట ఒక సిపాయిని పెట్టి కోట చూడనిచ్చారు. ఈ సంగతి ఆయనే రాసుకున్నారు. ఆ కోటల ఫోటోలు చూసి అందం అనుకునే ప్రతి విద్యార్థీ ఆ నీళ్ల తొట్టిని కూడా చూడాలె. యాత్రికుడు అంటే మనసులో ఏ కులపు మనిషి మెదులుతాడో అప్పుడు తెలుస్తది.

ఇక జహీరాబాద్‌కు వద్దాం. పక్కనే ఉన్న పస్తాపూర్ కేంద్రంగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. చుట్టుపక్కల ఊర్లలో ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, కూలికి పోయేవాళ్లు. 1990ల రెండో సగంలో వీళ్లలో కొందరు వీడియో కెమెరా నేర్చుకున్నారు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ, చిన్న నర్సమ్మ లాంటి వాళ్లు సినిమాలు తీసే స్థాయికి వచ్చారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది.

బడి చదువు లేని ఈ ఆడవాళ్లు కెమెరా భాషకు తమ పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్. ఎందుకంటే అరుగు మీద కూసున్న పటేల్ కింద నిలబడ్డ కూలిని చూసే చూపు అది. కింద నుంచి పైకి చూసేది బానిస చూపు. కండ్లకు కండ్లు సమానంగా చూసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే నేల మీద కూసుంటరు. సినిమా చదువుల్లో కెమెరా కోణం అని చెప్పేదానిలో ఎంత కులం, ఎంత దొరతనం ఉందో మూడు ముక్కల్లో చెప్పారు. మా దృష్టిలో ఇది ఒక సిద్ధాంతం. దాన్ని సిద్ధాంతంగా చదవాలె, ముచ్చటగా చెప్పుకొని వదిలేయొద్దు.

ఈ మూడు పేర్లతో పాత ఫోటోలను మళ్లీ చూద్దాం. ఊరు బాట పట్టిన ఫోటోగ్రాఫర్ ముందు వెతికేది ఎత్తైన జాగ. బురుజు, గుట్ట, మేడ. అక్కడి నుంచి ఊరంతా ఒక బొమ్మలా కనిపిస్తది, చేన్లు చారలుగా, మనుషులు చుక్కలుగా. అది పటేల్ షాట్. కోట గోడ కింద నిలబడి, ఆకాశం దాకా లేచిన గోడను తీస్తే బానిస చూపు. పుస్తకాల్లో మనం చూసే కోటలు, పట్నాలు చాలావరకు ఈ రెండింటిలోనే ఇమిడిపోతాయి.

సంఘం షాట్‌లో నేల ఎట్లుంటది? జహీరాబాద్ చుట్టూ ఎర్ర నేలలు, రాళ్లు తేలిన పడావు భూములు. బాటసారి కంటికి అవి ఖాళీ మైదానాలు. 1973 భూపరిమితి చట్టం కింద మన వాళ్లకు పట్టాలుగా దక్కిన భూముల్లో ఇట్లాంటివి ఎన్నో. సంఘం ఆడవాళ్లు రాళ్లు ఏరి, కట్టలు పోసి, జొన్న, కొర్ర, సామ, కంది కలిపి వేశారు. కలుపు అని పీకేసే దాంట్లో తుమ్మికూర, జొన్నచెంచలి వాళ్లకు కూర. ఏటా ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరా తిరిగే పాత పంటల జాతరలో కెమెరా కూడా వెంట నడిచింది. అదీ యాత్రే.

2002లో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఈ ఆడవాళ్లు వరంగల్ జిల్లా చేన్లకు పోయి, పంటకాలమంతా మళ్లీ మళ్లీ అవే చేన్ల దగ్గరికి పోయి, రైతుల మాటల్లోనే 2003లో సినిమా తెచ్చారు. తర్వాత ఇదే ప్రశ్నతో దక్షిణాఫ్రికా, మాలి, ఇండోనేషియా చేన్ల సంగతులు కూడా సినిమాలోకి తెచ్చారు. పరాయి ఊరికి ఒక్క పూట పోయి తీసిన బొమ్మకూ, విత్తు నుంచి పత్తి ఏరే దాకా తిరిగి తిరిగి తీసినదానికీ తేడా ఇక్కడే ఉంది.

అయితే ఒక మాట దాచకుండా అనుకోవాలె. కెమెరాలు, శిక్షణ, ప్రయాణాలు ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా వచ్చాయి. సంస్థల ప్రాధాన్యాలు మారితే మన వాళ్ల పని ఏమవుతదన్న ప్రశ్న ఉండనే ఉంటది. ఇంకోటి, చీర కట్టుకొని కెమెరా పట్టుకున్న దళిత స్త్రీ ఫోటో పత్రికల్లో బాగా అచ్చయింది. ఆ కెమెరా లోపల ఏముందో చూసినవాళ్లు తక్కువ. చూసే మనిషిని మళ్లీ చూపించే వస్తువుగా మార్చడమంటే ఇదే. కులాల పుస్తకాలు చేసిన పని అభిమానంతో చేసినా అదే పని అవుతది. వాళ్ల సినిమాలు మన విశ్వవిద్యాలయాల్లో, హాస్టళ్లలో, సంఘ ఆఫీసుల్లో చూపించాలె. టేపులు పాడు కాకముందే భద్రపరచాలె. తీసిన వాళ్ల పేర్లతో చరిత్ర రాయాలె.

మా ఇండ్లల్లో మొదట విశ్వవిద్యాలయం గడప తొక్కిన తరం మాది. ఇప్పుడు ప్రతి విద్యార్థి జేబులో ఫోన్ కెమెరా ఉంది. విహారయాత్రలకు పోతున్నారు, బీదర్‌కు, గోల్కొండకు, ఎల్లోరాకు. పోండి, బురుజు కూడా ఎక్కండి. దిగినాక, ఆ ఊర్లో మన వాడ ఏ దిక్కున ఉందో అడగండి. పాత బావి ఎక్కడ, ఎవరు తోడనివ్వలేదు, కోట బాగుచేతకు కూలికి పోయింది ఎవరు, అడగండి. అడిగి, వాళ్ల పక్కన నిలబడి, వాళ్లు ఒప్పుకుంటేనే ఫోటో తీయండి. ఊరు పేరు, తారీఖు, వాళ్లు రాయమన్న తీరుగా వాళ్ల పేర్లు రాసి పెట్టండి. తీసిన ఫోటో ఒకటి వాళ్లకు ఇచ్చి రండి.