సెప్సిస్: మహత్తర మందు కోసం వెతుకులాట

1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఇచ్చారు. ముఖమంతా చీము పట్టి చావుకు దగ్గరైన మనిషి కొద్దిరోజుల్లోనే తేరుకున్నాడు. మందు చాలక, అతని మూత్రంలోంచే పెన్సిలిన్‌ని వెలికితీసి మళ్లీ ఎక్కించారు. అదీ అయిపోయింది. మార్చిలో చనిపోయాడు. మందు సరిపడా దొరికితే చాలు, ఇలాంటి చావులుండవనే ఆశ అప్పట్లో సహజమే.

ఆ ఆశకు గండి కొట్టింది ఐసీయూ. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ రోగుల గొంతులో గొట్టం అమర్చి, వైద్య విద్యార్థులచేత వంతులవారీగా సంచి నొక్కిస్తూ ఊపిరి అందించాడు. మరుసటి ఏడాది చివర్లో అదే ఊళ్లో ఐసీయూ మొదలైంది. ఒకప్పుడు తొలిరోజే పోయేవాళ్లు వారాలపాటు బతకసాగారు. కానీ వాళ్లను నిలబెట్టిన గొట్టాలే బాక్టీరియాకూ దారులయ్యాయి. యాంటీబయాటిక్స్ పడుతున్నా రక్తపోటు పడిపోయి, కిడ్నీలు మొరాయించి కొందరు పోతూనే ఉన్నారు. ఇన్ఫెక్షన్‌తో ఇలా అవయవాలు దెబ్బతినడమే సెప్సిస్.

ఎందుకిలా? బాక్టీరియాకన్నా దానిమీద మన ఒళ్లు చేసే ఎదురుదాడే ఎక్కువ చేటని 1972లో వైద్యుడు లూయీస్ థామస్ రాశాడు. ఆ దాడిని అణిచే మందు కోసం పరిశోధకులు, కంపెనీలు దశాబ్దాలు వెతికాయి. భారీ మోతాదు స్టెరాయిడ్లు 1987 నాటి పరీక్షల్లో తేలిపోయాయి. ఎలై లిల్లీ కంపెనీ మందు జైగ్రిస్ మాత్రం గెలిచినట్టే కనిపించింది. 1690 మందిపై పరీక్షిస్తే మరణాలు 30.8 నుంచి 24.7 శాతానికి తగ్గాయి. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాతి పరీక్షలో మందు పడ్డవాళ్లలో 26.4 శాతం, ఉత్తుత్తి మందు పడ్డవాళ్లలో 24.2 శాతం చనిపోయారు. 2011లో కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకుంది.

అదే 2001లో డెట్రాయిట్‌లో ఇమాన్యుయెల్ రివర్స్ కొత్త మందేమీ లేకుండానే ఫలితం చూపాడు. మొదటి ఆరు గంటల్లో సెలైన్, రక్తం, బీపీ మందులు ఒక లెక్క ప్రకారం ఇస్తే 263 మంది రోగుల్లో మరణాలు 46.5 నుంచి 30.5 శాతానికి దిగాయి. 2014–15లో మూడు పెద్ద పరీక్షలు ఆ లెక్కతో అదనపు లాభం లేదన్నాయి. ఇది రివర్స్ ఓటమి అనను. అప్పటికి మామూలు వైద్యమే మారిపోయింది: జబ్బును త్వరగా పసిగట్టడం, వెంటనే యాంటీబయాటిక్ పడటం చాలాచోట్ల అలవాటైపోయింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో తీవ్ర సెప్సిస్ మరణాలు 2000లో 35 శాతం, 2012కల్లా 18.4.

అయితే రివర్స్ లెక్క అన్నిచోట్లా పనికొచ్చేది కాదు. జాంబియా రాజధాని లుసాకాలో ఐసీయూ సదుపాయాలు అంతంతమాత్రం, రోగుల్లో అత్యధికులకు హెచ్ఐవీ. అక్కడి పెద్దాసుపత్రిలో రివర్స్ పద్ధతిని పోలిన చికిత్స చేస్తే 48.1 శాతం మంది చనిపోయారు. మామూలు వైద్యం అందినవాళ్లలో చనిపోయింది 33 శాతమే. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి.