ఇంక్‌జెట్ ప్రింటర్
సిరాను అతి సన్నని రంధ్రాల గుండా చుక్కలుగా చిమ్మి ముద్రించే యంత్రం. ఆ రంధ్రాలుండే ప్రింట్‌హెడ్ కాగితాన్ని తాకదు. ఒక్కో చుక్క పరిమాణం కొన్ని పికోలీటర్లే. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లవ వంతు.

చుక్కను వేడితో చిమ్మే ఉష్ణ పద్ధతిలో ప్రతి రంధ్రం వెనుకా ఒక చిన్న సిరా గది, అందులో ఒక సూక్ష్మ హీటరు ఉంటాయి. దానిలో కొన్ని మైక్రోసెకన్లపాటు విద్యుత్తు ప్రవహించగానే, దాన్ని అంటిన పలుచని సిరా పొర ఆవిరై బుడగ కడుతుంది. ఆ బుడగ తోపుకు చుక్క బయటికి దూకుతుంది. బుడగ అణగగానే ఖాళీ అయిన గదిలోకి కొత్త సిరా దానంతటదే చేరుతుంది. సెకనుకు వేలసార్లు సాగే ఈ క్రియ సూక్ష్మ ఇంజనీరింగ్‌లో నిజంగా అబ్బురం. 1977లో జపాన్‌లోని క్యానన్ సంస్థలో, వేడి సోల్డరింగ్ ఐరన్ సిరంజి సూదికి తగిలి సిరా చిమ్మడం ఈ ఆలోచనకు బీజం వేసింది. విడిగా ఇదే దారి పట్టిన హ్యూలెట్ ప్యాకార్డ్ 1984లో థింక్‌జెట్‌ను విడుదల చేసింది.

ఎప్సన్ అనుసరించే పీజో పద్ధతిలో వేడి లేదు. వోల్టేజి మారినప్పుడు పీజో పలక వంగి సిరాను నొక్కుతుంది. మరిగించే పని లేదు కనుక రకరకాల సిరాలు వాడవచ్చు. ఫ్లెక్సీలు, వస్త్రాలు ముద్రించే పెద్ద యంత్రాల్లో ఎక్కువగా ఈ పద్ధతే కనిపిస్తుంది.

సియాన్, మెజెంటా, పసుపు, నలుపు చుక్కల కలయికే మిగతా రంగులన్నీ. మామూలు కాగితంపై సిరా పీచుల వెంట పాకి అంచులు అలుక్కుపోతాయి; పూత పూసిన ఫొటో కాగితం దాన్ని చుక్క పడిన చోటే నిలుపుతుంది.