రెండు పుటల వ్యాసము: శంభునాథ దే కలరా పరిశోధన

కలరా అను మాట పల్లెలలో వ్యాపింపక పూర్వము మనవారు ఆ వ్యాధిని కోస్తా జిల్లాలలో వాంతిభేది యనిరి. తెలంగాణమున గత్తర యనిరి. ఉదయమున అరక కట్టినవాడు మరునాటికి లేకుండుట, ఒక యింట మొదలైనది వీధి వీధంతయు ప్రాకుట, పాడె మోయుటకు మనుష్యులు దొరకకుండుట మన ముసలివారు చెప్పగా విన్న సంగతులే. రోగి దేహమునుండి బియ్యము కడిగిన నీళ్ళవంటి ద్రవము ధారగా పోవును. కన్నులు గుంటలు పడును. వ్రేళ్ళు నీట నానినట్లు ముడుతలు పడును. గొంతు పూడిపోవును. వ్యాధి ముదిరినచో గంటకొక లీటరు నీరు పోవుటయు కలదు. ఇంత నీరు ఎక్కడినుండి వచ్చును? ఏల వచ్చును? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చూపినవాడు కలకత్తా నగరమున ఒక వైద్య కళాశాల అధ్యాపకుడు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకములలో అరుదు గనుక ఈ రజతోత్సవ సంచికలో ఆయనను గూర్చి వ్రాయుట యుక్తమని తలచితిని.

కలరా నీటి ద్వారా వ్యాపించునని లండనులో జాన్ స్నో 1849లోనే వ్రాసెను. 1854లో ఒక చేతిపంపు చుట్టు జరిగిన మరణములను లెక్కించి నిరూపించెను. అదే 1854లో ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరములో ఫిలిప్పో పచీని యను వైద్యుడు మృతుల ప్రేవులలో ఆ క్రిమిని సూక్ష్మదర్శినితో చూచి ప్రకటించెను. ఎవ్వరును పట్టించుకొనలేదు. ముప్పది సంవత్సరముల తరువాత, 1884లో, జర్మను పండితుడు రాబర్ట్ కాక్ కలకత్తాకు వచ్చి, రోగుల ప్రేవులలోను, అక్కడి చెరువు నీటిలోను ఆ క్రిమిని కనుగొనెను. కీర్తి ఆయనకు దక్కెను. ఆ క్రిమి నామమునకు పచీని పేరును అధికారికముగా చేర్చినది 1965లో! ఈ వ్యాధి చరిత్రలో ఇట్టి మరపు మొదటినుండియు కలదు.

క్రిమి దొరికెను గాని అది మనుష్యుని ఎట్లు చంపునో తేలలేదు. అది ఒక విషమును స్రవించుచుండవచ్చునని కాక్ ఊహించెను. కాని జంతువులకు ఆ క్రిమిని ఎంత తినిపించినను మనుష్యులకు వచ్చు కలరా రాలేదు. విషము క్రిమి దేహములోపలనే యుండి, అది చచ్చి పగిలినప్పుడు వెలువడి రక్తమున కలియునను మతము తరువాత బలపడెను. డెబ్బది యేండ్లకు పైగా పరిశోధకులు ఆ త్రోవనే నడచిరి.

శంభునాథ దే 1915 ఫిబ్రవరి 1వ తేదీన హుగ్లీ జిల్లాలో గరీబాటి యను గ్రామమున జన్మించెను. కలకత్తా వైద్య కళాశాలలో చదివి 1939లో పట్టము పొందెను. 1947లో లండనుకు పోయి, రాయ్ కామెరన్ అను ప్రఖ్యాత వ్యాధి విజ్ఞానవేత్త కడ పనిచేసి 1949లో డాక్టరేటు సంపాదించెను. అక్కడ వీరిరువురు కలిసి చేసిన పనిలో ఒకటి ఊపిరితిత్తులలో నీరు ఏల చేరును అను విషయము. ఊపిరితిత్తుల నీటిని గూర్చి ఆలోచించిన బుద్ధియే స్వదేశమునకు రాగానే ప్రేవులలోని నీటివైపు మరలినదని నా తలంపు.

నీలరతన్ సర్కార్ వైద్య కళాశాలలో ఉండగా ఆయన చేసిన ప్రయోగము వినుటకు మిక్కిలి సులభము. కుందేలును మత్తులో ఉంచి, దాని చిన్నప్రేవులో కొంత భాగమును రెండు వైపుల దారముతో ముడివైచి, సంచివలె చేసి, అందులోనికి కలరా క్రిములను సూదితో ఎక్కించెను. మరునాడు చూడగా ఆ సంచి నీటితో ఉబ్బియుండెను. ఆ నీరు కలరా రోగి విరేచనమును పోలియుండెను. నోటి ద్వారా పోనక్కరలేదు, రక్తమున కలియనక్కరలేదు. వ్యాధి రంగస్థలము ప్రేవే యని తేలెను. ఈ విషయమును ఆయన చటర్జీ యను సహచరునితో కలిసి 1953లో ప్రకటించెను. ఇట్టి ప్రయోగమునే 1915లో ఇద్దరు పరిశోధకులు ఫ్రెంచి పత్రికలో ప్రకటించియుండిరి. అది ఎవరికిని జ్ఞాపకము లేకపోయెను. దే గారు కూడ దాని నెరుగక స్వయముగనే చేసిరి. 1956లో ఆయన తన సహచరులతో కలిసి, సామాన్యముగా మన ప్రేవులలో నివసించు కోలై క్రిములలో కొన్ని జాతులు సైతము ఇట్లే నీరు ఊరజేయునని చూపెను. పసిబిడ్డల విరేచనములకు, యాత్రికుల విరేచనములకు ఇదియొక ముఖ్యకారణమని లోకము తరువాత గాని గ్రహింపలేదు.

ఇక 1959 మే 30వ తేదీ. ఆనాటి 'నేచర్' పత్రికలో 1533, 1534 పుటలలో ఆయన ఒక్కని పేరుతో చిన్న వ్యాసము వెలువడెను. ఈ పర్యాయము క్రిములను పెంచిన ద్రవమును తీసికొని, అందుండి క్రిములన్నిటిని తొలగించి, మిగిలిన తేటను మాత్రమే కుందేలు ప్రేవులోనికి ఎక్కించెను. ఒక్క క్రిమియు లేదు. అయినను ప్రేవు నీటితో నిండెను! క్రిమి బ్రతికియుండగనే విషమును బయటికి స్రవించుచున్నదనియు, ఆ విషమే నీటిని రప్పించుచున్నదనియు తేటతెల్లమయ్యెను. అదే సంవత్సరము బొంబాయిలో హాఫ్కిన్ సంస్థయందు దత్తా ప్రభృతులు కుందేలు పిల్లలపై వేరొక విధమున పనిచేసి కలరా విషమును గూర్చి ప్రకటించిరి. 1969లో అమెరికాలో ఫింకెల్‌స్టీన్, లోస్పల్లూటో అనువారు ఆ విషమును శుద్ధముగా వేరుచేసిరి. అది ప్రేవు గోడ కణములలో ప్రవేశించి, ఉప్పును బయటికి తోయు యంత్రాంగమును ఆగకుండ నడపును. ఉప్పు వెంట నీరు పోవును.

పరిశోధకులలో ఒక ఆచారము కలదు. మూలము లేనిదేదియు వ్రాయనని నియమము పెట్టుకొనిన మన మల్లినాథసూరివలె, ప్రతివాడును తనకు ఆధారమైన పూర్వ వ్యాసములను పేర్కొనవలెను. దీనిని ఉల్లేఖము అందురు. ఏ పుస్తకమును ఎందరు తీసికొనిపోయిరో మన గ్రంథాలయ పట్టీ చెప్పునట్లు, ఏ వ్యాసమును ఎందరు ఉల్లేఖించిరో లెక్కించు సూచికను అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1960 తరువాతి సంవత్సరములలో ఆరంభించెను. దే గారి 1959 వ్యాసము తొలుత తగిన ఆదరణ పొందలేదు. కాలక్రమమున కలరా, విరేచన వ్యాధులపై వ్రాసిన వారెల్లరు దానిని పేర్కొనవలసి వచ్చెను. 1986లో గార్ఫీల్డ్ కలరా పరిశోధనలో దే గారి ప్రభావమును గూర్చియే ప్రత్యేకముగా ఒక వ్యాసము వ్రాసి, అది కలరా చరిత్రలో మైలురాయి యని తేల్చెను. అప్పటికే దే గారు కాలధర్మము నొందియుండెను.

ఆయనకు ఖ్యాతి రాకపోవుటకు మారుమూల పత్రికలో వ్రాయుట కారణమని చెప్ప వీలులేదు. 'నేచర్' చదువని శాస్త్రజ్ఞుడు లేడు. విషమును శుద్ధిచేయుటకు కావలసిన పరికరములు, ధనము కలకత్తాలో లేవు. అవి ఉన్నచోటికి పని తరలిపోయెను, పని వెంట పేరు పోయెను. ఆయన కూడ తన్ను తాను చాటుకొను స్వభావము కలవాడు కాడు. 1973లో ఉద్యోగ విరమణ చేసెను. 1978లో నోబెల్ సంస్థ కలరాపై స్వీడను దేశమున జరిపిన సదస్సుకు ఆయనను ఆహ్వానించెను. అక్కడ ఆయన, తాను ఎన్నడో చచ్చినవానితో సమానమైతిననియు, ఈ సదస్సు తన్ను గోతిలోనుండి వెలికి తీసినదనియు చెప్పెను. నోబెల్ బహుమతి గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును ఆ బహుమతికి పలుమారులు సూచించెను, రాలేదు. నోబెల్ మాట అటుండనిండు, స్వదేశమున ఏ విజ్ఞాన పరిషత్తును ఆయనను సభ్యునిగా ఎన్నుకొనలేదు, పెద్ద పురస్కార మేదియు ఈయలేదు. 1985 ఏప్రిల్ 15వ తేదీన ఆయన కన్నుమూసెను. 1990లో బెంగుళూరునుండి వెలువడు 'కరెంట్ సైన్స్' పత్రిక ఆయన స్మృతికై ఒక సంచికను వెలువరించి ఆ లోపమును బహిరంగముగా ఒప్పుకొనెను.

పుష్కరములకు పోవు యాత్రికులకు ఒకనాడు తప్పనిసరియైన కలరా సూది మన పెద్దల భుజములు ఎరుగును. అది క్రిమిని ఎదిరించుటకు ఉద్దేశించినది. పోయిన నీటికి బదులు నీరిచ్చుట వేరొక మార్గము. దే గారి ప్రయోగము వెలువడిన 1953లోనే, అదే కలకత్తాలో, హేమేంద్రనాథ చటర్జీ యను వైద్యుడు 186 మంది రోగులకు ఉప్పు, చక్కెర కలిపిన నీటిని నోటి ద్వారా ఇచ్చి, ఆ ఫలితములను 'లాన్సెట్' పత్రికలో ప్రకటించెను. ఆ వ్యాసమును గూడ లోకము ప్రక్కన పెట్టెను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరములో నరములోనికి ఎక్కించు సెలైను నిండుకొనగా, దిలీప్ మహలనబీస్ డ్రమ్ములలో ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని నిలువజేసి, రోగుల బంధువుల చేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి ముప్పదివరకు ఉండిన మరణములు నాలుగుకు లోబడినవి. నేడు మన ఆరోగ్య ఉపకేంద్రములో ఆశా కార్యకర్త చేతికిచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లములో ఉన్నది ఆ కలయికను పోలినదే.