కాంతి నియంత్రిత ఫేజ్ షిఫ్టర్

కాంతి నియంత్రిత ఫేజ్ షిఫ్టర్ అనేది రేడియో తరంగపు దశను కాంతి సహాయంతో మార్చే పరికరం. అనేక ఆంటెన్నాలను వరుసగా అమర్చిన ఆంటెన్నా శ్రేణులలో, శ్రేణిని కదల్చకుండానే తరంగపుంజాన్ని కావలసిన దిక్కుకు తిప్పటానికి ఫేజ్ షిఫ్టర్లు తోడ్పడతాయి.

అవసరం

అన్ని ఆంటెన్నాలకూ ఒకే దశలో తరంగాలను అందిస్తే పుంజం శ్రేణికి లంబంగా వెలువడుతుంది. ఒక ఆంటెన్నా నుండి మరొకదానికి దశను క్రమంగా మారుస్తూ పోతే పుంజం పక్కకు వంగుతుంది. ఉదాహరణకు ఆంటెన్నాల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగమైతే, పుంజాన్ని 30 డిగ్రీలు వంచటానికి పక్కపక్క ఆంటెన్నాల మధ్య 90 డిగ్రీల దశాభేదం కావాలి.

సాధారణంగా ఈ పనికి పిన్ డయోడ్లు, ఫెర్రైట్లు, వరాక్టర్ డయోడ్లు వాడతారు. వీటన్నిటికీ నియంత్రణ తీగలు అవసరం. భారతదేశంలో 2022లో 5జీ సేవల కొరకు వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ పట్టీలో తరంగదైర్ఘ్యం సుమారు 11.5 మి.మీ. మాత్రమే, అందులో సగం 6 మి.మీ. కూడా ఉండదు. అంత ఇరుకులో వందలాది లోహపు తీగలను నడిపితే అవి తామే తరంగాలను గ్రహించి, వెదజల్లి పుంజాన్ని చెదరగొట్టగలవు. గాజు విద్యుత్ బంధకం కనుక దృశా తంతువుతో ఈ చిక్కు దాదాపు ఉండదు.

పని చేసే విధానం

ఒక పద్ధతిలో కాంతి నేరుగా అర్ధవాహకంపై పడుతుంది. సిలికాన్‌లో శక్తి అంతరం 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. కనుక సుమారు 1.1 మైక్రోమీటరు కన్నా తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతి అందులో ఎలక్ట్రాన్-రంధ్ర జంటలను పుట్టిస్తుంది. ఈ ఆవేశ కణాల వలన రేడియో తరంగపు వేగం, దానితో పాటు దశ మారతాయి. 1980లో చి లీ, ఆయన సహచరులు ఈ విధంగా వేవ్‌గైడ్లలో మిల్లీమీటరు తరంగాలను నియంత్రించవచ్చునని చూపించారు.

మరొక పద్ధతిలో ఫొటోడయోడ్ కాంతి నుండి పుట్టించిన వోల్టేజి వరాక్టర్ డయోడ్ కెపాసిటెన్సును మారుస్తుంది. వరాక్టర్ దాదాపు కరెంటు తీసుకోదు కనుక కొద్దిపాటి కాంతి చాలు.

పరిమితులు

మొదటి పద్ధతిలో అసలు కష్టం శక్తి నష్టం. దశను మార్చే ఆవేశ కణాలే రేడియో శక్తిని పీల్చుకుంటాయి. విచిత్రమేమంటే, ఈ నష్టం కాంతి తీవ్రతతో పాటు ఎడతెగకుండా పెరగదు. మధ్యస్థ తీవ్రత వద్ద అత్యధికమై, అర్ధవాహకం లోహం వలె ప్రవర్తించే స్థితికి చేరాక మళ్ళీ తగ్గుతుంది. అయితే అందుకు బలమైన కాంతి కావాలి. ఆవేశ కణాల ఆయుర్దాయం మరొక సమస్య. సిలికాన్‌లో అవి మైక్రోసెకండ్లు, అంతకన్నా ఎక్కువ కాలం నిలవగలవు. గాలియం ఆర్సెనైడ్‌లో సాధారణంగా నానోసెకండ్లు మాత్రమే. ఆయుర్దాయం తక్కువైతే దశను వేగంగా మార్చవచ్చు. కాని చిల్లికుండలో నీటిమట్టం నిలపటానికి ఎడతెగకుండా నీరు పోయవలసినట్లే, కాంతిని ఎక్కువగా అందిస్తూ ఉండాలి.

దృశా తంతువుల పొడవును మార్చి సంకేతాన్ని ఆలస్యం చేసే పద్ధతి దీనికి భిన్నమైనది. ఫేజ్ షిఫ్టర్ దశను మాత్రమే మారుస్తుంది. కనుక పౌనఃపున్యం మారితే పుంజం దిశ కూడా కొంత జరుగుతుంది.