రేవు మీద బాంబులు, బీచిలో విమానం

మంట కొంచెం ఎగదొయ్యరా అబ్బాయ్. ఆ కొబ్బరి మట్ట ఇంకోటి పడెయ్. ఆఁ, ఇప్పుడు బాగుంది.

పొద్దున్న కాకినాడ బీచిలో ఆ పెద్ద విమానం ముందర నిలబడి ఫోటోలు దిగొచ్చేరు కదా, అది ఎవరిదో ఏం చేసేదో ఎవరైనా కనుక్కున్నారా? లేదు. తెలుసు నాకు. సరే, చెప్తాను వినండి.

కాకినాడకి సముద్రం మీంచి నేవీ విమానాలు వచ్చింది ఫోటోలకి కాదర్రా, బాంబులెయ్యడానికి. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు ఈస్టరు ఆదివారం నాడే జపానువాళ్లు కొలంబో మీద పడ్డారు. మర్నాడు ర్యూజో అనే విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, మన కాకినాడ మీదా బాంబులేసేయి. అప్పటికి నేనింకా పుట్టలేదు. మా అమ్మ కొత్తకోడలు, కాపరం జగన్నాథపురంలో. చప్పుడు వినపడితే మన దొరల విమానాలే అనుకుని జనం వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూసేరట! రేవు వైపు నుంచి దద్దరిల్లేక గానీ పరుగు మొదలెట్టలేదు.

సాయంత్రానికి ఎడ్లబళ్లు దొరకలేదు. సామర్లకోటకి కొందరు, పెద్దాపురానికి కొందరు, చుట్టాలున్న లంకల్లోకి కొందరు. ఇత్తడి బిందెలు నూతిలో పడేసి మరీ పోయేరు. అంతకు ముందే రంగం, అదే రంగూన్, నుంచి తిరిగొచ్చినవాళ్లు అక్కడి బాంబుల సంగతి కథలుకథలుగా చెప్పి ఉన్నారు కదా, జనానికి సగం భయం అక్కడిదే. మద్రాసులో అయితే గవర్నమెంటు ఆఫీసులే లోపలి ఊళ్లకి తరలించేసేరు. ఆ కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక ఓడల్ని ముంచేసింది ఆ జపాను దళం. దాన్ని నడిపించిన అడ్మిరలు పేరు ఒజావా.

ఆ ర్యూజో సంగతి కూడా చెప్పాలి. అదే ఏడాది ఆగస్టులో, సాలమన్ దీవుల దగ్గర, అమెరికా విమానాల దెబ్బకి మునిగిపోయింది. మా అమ్మకి ఈ మాట నేను పెద్దయ్యేక చదివి చెప్తే, "అయ్యో, వాళ్లకీ అమ్మలుంటారు కదరా" అంది. బిందెల్లో ఒకటి నూతిలోంచి మళ్లీ దొరకలేదని మాత్రం చచ్చేదాకా జపానువాణ్ణి తిట్టింది!

విశాఖపట్నం బీచి రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది, పాత డచ్చివాళ్ల బంగళా. అందులో జపానువాళ్లు వేసిన బాంబొకటి పెట్టేరు. 250 పౌన్లు. పేలలేదు కాబట్టి మిగిలింది. ఈసారి వెళ్తే చూడండి.

మన జిల్లాల్లో మిగిలింది బాంబు కాదు, నేల. ఆ యుద్ధం కోసమే ఇంగ్లీషువాళ్లు తాడేపల్లిగూడెంలో విమానాలు దిగడానికి రన్‌వే కట్టేరు. యుద్ధం అయిపోయింది, దొరలు వెళ్లిపోయేరు, అది అలా పడుంది. పొద్దున్నే జనం వాకింగుకి వెళ్తున్నారు. మీరు హైదరాబాదుకి విమానం ఎక్కుతారే, రాజమండ్రి దగ్గర మధురపూడి, అదీ దొరలు కట్టిందే. ఇక తాడేపల్లిగూడెం దగ్గరే మాధవరం. మిలటరీ మాధవరం అంటే తెలియనివాడుండడు. రెండు ప్రపంచ యుద్ధాలకీ వందలమంది వెళ్లేరు ఆ ఊరి నుంచి. ఊళ్లో వాళ్ల పేరున స్తూపం ఉంది. మన డెల్టాలో ఆ పని పద్ధతిగా చేసింది ఆ ఒక్క ఊరేనని నా లెక్క.

1971లో పాకిస్తానుతో యుద్ధం నాటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. రాత్రుళ్లు దీపాలార్పెయ్యమనేవారు, లారీల హెడ్‌లైట్లకి సగం నల్లరంగు పూసేవారు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటేక విశాఖపట్నం ఎదుటే పేలిపోయి మునిగింది. దాని తాలూకు సామాను ముందు దొరికింది మన జాలర్లకే. విక్రాంత్ ఆ సమయానికి ఎక్కడో అండమాన్ల వైపుంది. బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చి, పూర్తి వేగం అందుకోలేని ఓడ అది. దాని మీంచే 4వ తారీఖున సీహాక్ విమానాలు లేచి కాక్స్‌బజారు, చిట్టగాంగుల మీద పడ్డాయి. ఆ ఊగే ఓడ మీద దిగాలంటే విమానం తోకకున్న కొక్కెం అడ్డంగా కట్టిన ఇనప తాటికి తగులుకోవాలి. తగలకపోతే మళ్లీ గాల్లోకి లేవాలి, లేకపోతే సముద్రమే. అది అలవాటైనవాళ్లర్రా ఆ పైలట్లు!

అంత ఓడని ఏం చేసేం? బొంబాయిలో కొన్నాళ్లు మ్యూజియంగా ఉంచి, 2014లో తుక్కు కింద విరగ్గొట్టేసేరు. ఆ ఇనుము కలిపి బజాజ్ కంపెనీవాళ్లు 2016లో వి అని మోటారుసైకిలు తెచ్చేరు. మన మండపేట సెంటర్లోనూ తిరిగింది ఆ బండి. నడిపేవాడికి తెలుసో లేదో.

మీరు చూసిన విమానం ఆ తరవాత తరానిది. రష్యావాళ్ల టీయూ-142. 1988లో మన నేవీలోకి వచ్చింది, ముందు గోవాలో, తరవాత అరక్కోణంలో ఉండేది. సముద్రం మీద గంటలకి గంటలు తిరిగి జలాంతర్గాముల జాడ పట్టడం దాని పని. ఒక్కో ఇంజనుకీ రెండేసి పంకాలు, ఒకటి ఇటు తిరిగితే ఒకటి అటు. 2017 మార్చిలో సెలవిచ్చేరు. 29 ఏళ్లలో ఒక్క ప్రమాదం లేదు. ఒకదాన్ని విశాఖ బీచిలో మ్యూజియం చేసేరు, ఆ డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ గారు వచ్చి ప్రారంభించేరు. లోపల పారాచూట్లూ, నీట్లో పడితే బతకడానికి ఇచ్చే సామానూ అన్నీ పెట్టేరు. మనకీ ఒకటి దక్కింది. మంచిదే.

విమానం పెద్దది, దాన్ని సర్కారు చూసుకుంటుంది. చిన్న వస్తువుల మాటేంటి? మన పక్కూళ్లో ఒకాయన నేవీలో విమానాలు బాగుచేసే పని చేసి వచ్చేడు. పోయేడు పాపం. పిల్లలు ఇల్లు కడతా ఆయన ట్రంకుపెట్టి పాత సామాన్లవాడికి వేసేసేరు. వాడి బండిలో తక్కెట్లో ఉంటే నేను చూసేను, సంగ్రామ్ మెడల్. అంచు మీద సన్నగా నంబరూ పేరూ చెక్కి ఉంది. వాడు చెప్పిన ధరిచ్చి తెచ్చి ఆయన మనవరాలికిచ్చేను. ఆ పిల్లకి తాత ఏ ఓడ మీద పనిచేసేడో కూడా ఎవరూ చెప్పలేదు. నాకు కోపం సామాన్లవాడి మీద కాదు.

అంచేత మీకొక పని చెప్తున్నాను. పండక్కి ఊళ్లకి వెళ్తున్నారు కదా. సర్వీసు చేసొచ్చినవాళ్లెవరైనా ఉంటే వెళ్లి కూర్చోండి. పాత ఫోటో ఉంటే వెనకాల ఎవరో, ఏ ఊరో, ఏ సంవత్సరమో రాయండి. పెన్నుతో కాదు, సిరా ముందుకి దిగిపోతుంది. పెన్సిలుతో, మెల్లిగా. మెడల్ని చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.