డిసెంబర్ 25 ఎవరి లెక్క? – క్రీ.శ. 354 నాటి రోమన్ సంకలనంపై పునఃపరిశీలన

క్రిస్మస్ మూలాల గురించి రాసేవాళ్లు దాదాపు అందరూ ఒకే గ్రంథాన్ని ఉదహరిస్తారు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన జాడ మాత్రం వాళ్ల రాతల్లో కనిపించదు. క్రీ.శ. 354 నాటి ఆ సంకలనాన్ని ఫిలోకాలస్ అనే లేఖకుడు వాలెంటినస్ అనే రోమన్ క్రైస్తవుడి కోసం తయారుచేశాడు. మూలప్రతి పోయింది. కరోలింజియన్ల కాలపు నకలు 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ పండితుడు పైరెస్క్ చేతుల్లో ఉండి, తరవాత అదీ మాయమైంది. మిగిలినవి నకళ్లకు నకళ్లు. వాటినైనా ఒక్కచోట ఉంచారా అంటే లేదు. బొమ్మలను 1888లో కళాచరిత్రకారుడు స్ట్రుజిగోవ్‌స్కీ విడిగా అచ్చువేశాడు. చరిత్రకారుడు మోమ్‌సెన్ చర్చి జాబితాలను ఒక గ్రంథమాలలోనూ పంచాంగాన్ని లాటిన్ శాసనాల సంపుటంలోనూ వేశాడు. అలా పంచాంగంలోని సూర్యుడి పండగా జాబితాలోని క్రీస్తు జననమూ వేరు వేరు పుస్తకాల పాలయ్యాయి. తరవాతి వాళ్లు ఎవరికి కావలసిన పుస్తకం వాళ్లు తెరిచారు.

జర్మన్ పండితుడు హెర్మన్ ఊజెనర్‌తో పేచీ ఇక్కడే. రోమ్ మొదట్లో క్రీస్తు జయంతిగా జనవరి 6నే పాటించేదనీ, డిసెంబర్ 25ను బిషప్ లిబేరియస్ 354లో ప్రవేశపెట్టాడనీ ఆయన 1889లో వాదించాడు. మిలాన్ బిషప్ ఆంబ్రోస్ తన సోదరి మార్సెల్లినా కన్యావ్రత స్వీకారం గురించి చెప్పిన మాటల మీద కట్టిన మేడ అది.

చర్చి చరిత్రకారుడు లూయీ డుషెన్ వేలుపెట్టి చూపినట్టు, అదే సంకలనంలోని బిషప్పుల వర్ధంతుల జాబితా ముందు 354 అన్న ఆ తేదీ నిలవదు. పేర్లు అందులో పదవిలోకి వచ్చిన వరసన ఉండవు, ఏడాదిలో చనిపోయిన రోజు వరసన ఉంటాయి. మొదటి పేరు డయనీషియస్, డిసెంబర్ 27. తరవాత ఫీలిక్స్, డిసెంబర్ 30. ఆ వెంటనే సిల్వెస్టర్, డిసెంబర్ 31. అక్కణ్ణుంచి జనవరిలో పడి, మళ్లీ డిసెంబర్ 8 దాకా సాగి యూటికియన్‌తో వరస ముగుస్తుంది. ఆపైన ఇద్దరు మిగులుతారు: మార్కస్, అక్టోబర్ 7, జూలియస్, ఏప్రిల్ 12. వరస తప్పారంటే తరవాత చేర్చిన వాళ్లన్నమాట. సిల్వెస్టర్ 335 చివరి రోజున పోయాడు, మార్కస్ 336 అక్టోబర్‌లో. అసలు జాబితా ఆ రెండు మరణాల మధ్య, 336లో తయారై ఉండాలి. దానికి జంటగా ఉన్న హతసాక్షుల జాబితాలో మొట్టమొదటి నమోదు డిసెంబర్ 25న బేత్లెహేములో క్రీస్తు జననం. రెండింటికీ ఏడాది క్రిస్మస్ దగ్గరే మొదలవుతోంది. నిన్నగాక మొన్న వచ్చిన పండగతో ఏ చర్చి గుమాస్తా ఏడాది లెక్క మొదలుపెట్టడు.

ఇక సూర్యుడి సంగతి. పంచాంగంలో డిసెంబర్ 25 ఎదురుగా అజేయుడి (అంటే సూర్యుడి) జయంతి, 30 రథపందేలు అని ఉంది. ఆరీలియన్ చక్రవర్తి 274లో సూర్యుడికి గుడి కట్టించాడు కాబట్టి ఆ జయంతి కూడా ఆయన పెట్టిందేనని తరతరాలుగా చెప్పుకొస్తున్నారు. అదే పంచాంగాన్ని కాస్త వెనక్కి తిప్పితే సూర్యుడి క్రీడలు అక్టోబర్ 19 నుంచి 22 దాకా కనిపిస్తాయి, చివరి రోజున 36 పందేలతో. పెద్ద పండగ అక్టోబర్‌దేనని పరిశోధకుడు స్టీవెన్ హైమన్స్ అన్నది ఇందుకే. పైగా 4వ శతాబ్దానికే అసలు అయనాంతం డిసెంబర్ 25 కన్నా నాలుగైదు రోజులు ముందుకు జరిగిపోయింది, మన సంక్రాంతికీ ఉత్తరాయణానికీ ఎడం పడ్డట్టే. డిసెంబర్ జయంతికి 354 కన్నా పాత సాక్ష్యం లేదు, క్రైస్తవ నమోదుకు 336 ఉంది. అనుకరణ అంటూ జరిగితే అది ఇటునుంచి అటు జరిగిందనడమే సబబు. ఏడాది చివరి సూర్యోత్సవం పాత ఆచారమేనని జూలియన్ చక్రవర్తి రాసిన మాట నిజమే కానీ, ఆయన క్రైస్తవానికి బద్ధవిరోధి.

మరి డిసెంబర్ 25 ఎక్కడిది? లెక్కలోంచే వచ్చింది. తొలినాళ్ల క్రైస్తవ రచయిత టెర్టులియన్ నాటికే సిలువ మరణాన్ని మార్చి 25గా లెక్కగట్టారు. 1551లో రోమ్‌లో దొరికిన రాతి విగ్రహం మీద, హిప్పోలిటస్‌దని చెప్పే ఈస్టర్ పట్టిక ఉంది. 222తో మొదలయ్యే ఆ పట్టికలోనూ అదే తేదీ. క్రీస్తు గర్భంలో పడిందీ మరణించిందీ ఒకే రోజని ఉత్తర ఆఫ్రికా బిషప్ ఆగస్టీన్ తేటగా రాశాడు. తొమ్మిది నెలలు కలిపితే డిసెంబర్ 25. పట్టికలో ఏప్రిల్ 2 దగ్గర క్రీస్తు ఉద్భవం అని ఉండటం కొంత చిక్కే.

సూర్యభక్తి ఈ తేదీని తెచ్చి ఉంటే, తూర్పువాళ్లను ఒప్పించేటప్పుడు ఆ ఊసు రావాలి. 386లో అంతియొకయలో బోధకుడు జాన్ క్రిసోస్తోం ఎత్తుకున్నది బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యా దేవాలయంలో ధూపం వేసిన నెల, ఆయన భార్య ఎలీసబెతు గర్భానికి ఆరో నెల, అక్కణ్ణుంచి కూడిక. ఆ పండగ తమకు తెలిసి పదేళ్లు కాలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఉత్తర ఆఫ్రికాలో కథ ఇంకా వెనక్కి పోతుంది. అక్కడి చర్చి నుంచి చీలిపోయిన డోనాటిస్టులు జనవరి 6 పాటించరని ఆగస్టీన్ తప్పుపట్టాడు. డిసెంబర్ 25 విషయంలో అలాంటి నింద వేయలేదు. వాళ్లు చీలిపోయింది 311 ప్రాంతంలో. అంటే కాన్‌స్టంటైన్ 312లో రోమ్‌లో అడుగుపెట్టక ముందే ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో క్రిస్మస్ జరిగినట్టే.