పెద్ద భానుమతివి మరి!

చిన్నప్పుడు నేను ఎదురు మాట్లాడితే మా అమ్మ ఒకటే మాట అనేది, "అబ్బో, పెద్ద భానుమతివి మరి!" అని. మా వీధిలో చాలా ఇళ్ళలో వినిపించేదా మాట. మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. అప్పటికి నాకు భానుమతి అంటే టీవీలో 'మంగమ్మగారి మనవడు'లో చూసిన బామ్మే. ఆ కళ్ళు చూస్తే భయం వేసేది.

మొన్న మా అమ్మాయి ఏదో అంటే నా నోట్లోంచి అదే మాట వచ్చేసింది. "భానుమతి ఎవరమ్మా? ఏం చేసింది?" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. స్టవ్ మీద వంకాయ కూర మాడిపోయింది గానీ కథ సగం కూడా కాలేదు. మిగిలింది మీతో చెప్పుకుంటున్నాను.

మన మైలవరం రాజావారు బాలభారతీ నాటక సమాజాన్ని పోషించారని పెద్దవాళ్ళు గొప్పగా చెప్పేవారు. ఆ కాలంలో స్టేజీ మీద ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్ళే కట్టేవారు. పరువుగల ఇంటి ఆడపిల్ల ముఖానికి రంగు వేసుకోవడమంటే ఊరంతా నోరు నొక్కుకునే సంగతి. అలాంటి రోజుల్లో, 1925లో, ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు భానుమతి. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారికి సంగీతమంటే ప్రాణం. కూతురికి పాట ఆయన దగ్గరే మొదలైంది.

1939లో సి. పుల్లయ్యగారి 'వరవిక్రయం'లో కాళింది వేషం వేసేనాటికి ఆవిడకి పదమూడేళ్ళు. కట్నం పోసి మొగుణ్ణి కొనే పెళ్ళి వద్దని ప్రాణం తీసుకునే పిల్ల కాళింది. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం అది. హీరో తన కూతుర్ని కౌగిలించుకోకూడదని తండ్రి సినిమావాళ్ళకి షరతు పెట్టారట. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కానీ పదమూడేళ్ళ పిల్లని ఊరుగాని ఊరు పంపే తండ్రికి అంతకన్నా ఏం దిక్కుంటుంది చెప్పండి?

1943లో 'కృష్ణప్రేమ' సినిమా అప్పుడు అసిస్టెంట్ డైరెక్టర్ పి.ఎస్. రామకృష్ణారావుగారిని ఇష్టపడ్డారు. తండ్రి ఒప్పుకోలేదు. అయినా ఆ ఏడాదే పెళ్ళి చేసుకున్నారు. ఇక సినిమాలు చాలు, ఇల్లు చూసుకుంటాననుకున్నారు. ఇక్కడే నేను ఆగిపోతాను ఎప్పుడూ. ఆవిడ ఆ మాట మీదే ఉండిపోయి ఉంటే? మనలో ఎంతమంది ఆ మాట అనుకుని ఉండిపోలేదు?

బి.ఎన్. రెడ్డిగారు 'స్వర్గసీమ' కోసం పట్టుబట్టి తీసుకెళ్ళారు. అది 1945. నాగయ్యగారి సంసారంలో నిప్పులు పోసే నాటకాల మనిషి వేషం. కొత్తగా కాపురానికి వచ్చిన ఆవిడ పరాయి కాపురం కూల్చే పాత్రలో జనాన్ని ఊపేశారు. అందులో పావురం పాట మా అమ్మమ్మ కూడా కూనిరాగం తీసేది, ఎవరూ లేనప్పుడు.

ఆ తర్వాత కొడుకు భరణి పేరు మీదే భరణి పిక్చర్స్ పెట్టుకున్నారు. మద్రాసులో సొంత స్టూడియో కట్టారు. 'రత్నమాల', 1949లో 'లైలా మజ్ను', ఇంకా చాలా సినిమాలు. భర్త డైరెక్షన్, ఆవిడ నటన, పాట. 1953లో 'చండీరాణి' ఆవిడే డైరెక్ట్ చేశారు. తెలుగు, తమిళం, హిందీ మూడింటిలో ఒకేసారి తీశారు, అందులో తనే రెండు వేషాలు వేశారు. తెలుగులో మొదటి మహిళా దర్శకురాలని ఆవిడ పేరే చెబుతారు. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆవిడకి సొంత స్టూడియో ఉంది, సినిమా తెలిసిన భర్త ఉన్నారు. నాకు రాసుకోవడానికి సొంత బల్ల కూడా లేదు, డైనింగ్ టేబుల్ మీద పప్పు డబ్బాలు జరిపి రాస్తున్నాను. కాబట్టి ఆవిడ చేసింది నువ్వెందుకు చెయ్యలేదని మా అమ్మాయి అడిగితే నేను ఒప్పుకోను.

మరి ఆ 'పొగరు' మాట ఎక్కడిది? 'మిస్సమ్మ' కథ మీరు వినే ఉంటారు. ముందు మేరీ వేషం భానుమతిదే, కొన్ని రీళ్ళు తీశారు కూడా. సినిమావాళ్ళు చెప్పుకునేదేమిటంటే, వరలక్ష్మీ వ్రతం రోజు పూజ ముగించుకుని షూటింగుకి ఆలస్యంగా వెళ్ళారు. ఆలస్యం అవుతుందని ముందే కబురు పెట్టానన్నారు ఆవిడ. క్షమాపణ చెప్పాలన్నారు నిర్మాత చక్రపాణిగారు. తప్పు చెయ్యనిదే ఎందుకు చెప్పాలని వెళ్ళిపోయారు ఆవిడ. తీసిన రీళ్ళు కాల్చేశారట. ఆ వేషం సావిత్రికి వచ్చింది, మన కృష్ణకి అవతలి ఒడ్డున చిర్రావూరు పిల్లకి. 1955లో సినిమా వచ్చాక సావిత్రి మరి వెనక్కి చూసుకోలేదు. తను తప్పుకోవడం వల్ల ఒక మంచి నటి దొరికిందని భానుమతి తర్వాత అనేవారట. ఎవరిది తప్పో నేను తేల్చను. షూటింగ్ ఆగితే ఎంత డబ్బు పోతుందో నిర్మాతకే తెలుస్తుంది. కానీ శ్రావణ శుక్రవారం తోరం కట్టుకున్న చేత్తో ఆఫీసుకి పరుగెత్తే ఆడవాళ్ళకి ఈ కథ వేరేగా వినిపిస్తుంది. అదే పంతం హీరో పడితే పౌరుషం అనేవాళ్ళు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ప్లేబ్యాక్ వచ్చాక తెరమీద ఒకరు, పాటకి ఇంకొకరు అయ్యారు. సావిత్రి ఎంత గొప్ప నటి అయినా పాట లీలదో సుశీలదో. భానుమతి మాత్రం తన పాట తనే పాడుకున్నారు. 1951లో 'మల్లీశ్వరి' చూడండి. రామారావుగారికి ఘంటసాల పాడారు. మల్లికి మల్లే పాడింది. కృష్ణశాస్త్రిగారి మాట, సాలూరి రాజేశ్వరరావుగారి బాణీ, ఆ గొంతు. బి.ఏ.లో ఉండగా ఆ సినిమా పాటలు అన్నీ నోటికి వచ్చేవి నాకు. పెళ్ళయ్యాక వంటింట్లో ఒకసారి పాడుతుంటే హాల్లో చుట్టాలు మాటలు ఆపేశారు. సిగ్గేసి ఆపేశాను. ఎవరూ వద్దనలేదు. నేనే మళ్ళీ గట్టిగా పాడలేదు.

వయసు మీద పడితే హీరోయిన్లని పక్కన పెడతారు. ఆవిడ పక్కకి జరగలేదు. 1966లో 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మ. ఆ ఏడాదే పద్మశ్రీ. 1972లో 'అంతా మన మంచికే' డైరెక్షన్. 1982లో అందరూ చిన్నపిల్లలే నటించిన 'భక్త ధ్రువ మార్కండేయ'. ఇల్లంతా పిల్లలుంటేనే మనకి తల తిరుగుతుంది, ఆవిడ సెట్ నిండా పిల్లల్ని పెట్టుకున్నారు. 1984లో మంగమ్మ. తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. 1998లో 'పెళ్ళి కానుక'తో సినిమాలు ముగిశాయి. 2005 డిసెంబరు 24న చెన్నైలో పోయారు.

'అత్తగారి కథలు' సంగతి చివరికి దాచుకున్నాను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం అది. తెరమీద అందర్నీ గడగడలాడించిన ఆవిడ ఈ కథల్లో మాత్రం కోడలు. అత్తగారి మడీ ఆచారం, చాదస్తం, అమాయకత్వం అన్నీ పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది. గొంతు పెంచదు. చిరాకు వచ్చేచోట నవ్విస్తుంది.

మా అత్తగారి దగ్గర ఆ పుస్తకం అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంది. ఆవిడకి ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు. మధ్యాహ్నం అంట్లు సర్దుకున్నాక నేను చదివి వినిపిస్తున్నాను. నిన్న ఒక కథ అయ్యేసరికి పమిట చెంగుతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

"ఆ కోడలు గట్టిదే. ఒక్క మాట పైకి అనకుండా అంతా రాసి పారేసింది" అన్నారు.

"అవునత్తయ్యా" అన్నాను పుస్తకం మూస్తూ.

"నువ్వు కూడా ఫోనులో ఏవో రాస్తున్నావంటగా? అబ్బాయి చెప్పాడు."

ఏం చెప్పాలో తోచలేదు నాకు.

"పద, కాఫీ పెట్టు. తాగుతూ అది కూడా చదువుదువు గానీ" అన్నారు.